కథ మీది, కాపీరైట్ ఇప్పటికే మీది: రిజిస్ట్రేషన్ గురించి, సంతకం గురించి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్ళకీ పనికొస్తుంది. మీరు కరీంనగర్‌లో ఉంటారు, కొన్నేళ్ళుగా కథలు రాస్తున్నారు. కొన్ని కథల యాప్‌లో పెట్టారు, కొన్ని ఇంకా నోట్‌బుక్కులోనే ఉన్నాయి. ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు మీ కథను మీ పేరు కూడా చెప్పకుండా చదివి పెట్టేశారు. ఇంకోపక్క షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్ళు మరో కథ అడుగుతున్నారు. "కాపీరైట్ ఎలా తీసుకోవాలి, ఎంతవుతుంది, తీసుకోకముందే కథ ఇచ్చేస్తే చేజారిపోతుందా" అని అడిగారు.

నేను ప్రచురణ రంగంలో రచయితల ఒప్పందాలు, అనుమతుల వ్యవహారాలు చూస్తూ వచ్చిన మనిషిని. ఇన్నేళ్ళలో రిజిస్టర్ చేయించుకోలేదన్న కారణంతో కథ పోగొట్టుకున్నవాళ్ళు నాకు దాదాపు కనపడలేదు. చదవకుండా పెట్టిన సంతకంతో పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం చాలామంది కనపడ్డారు. అందుకే రిజిస్ట్రేషన్ గురించి అడిగిన మీకు సంతకం గురించే ఎక్కువ చెప్పబోతున్నాను.

మొదటి మాట. మీ కథలకు కాపీరైట్ ఇప్పటికే ఉంది. మన కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది, 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం సొంతంగా రాసిన కథ కాగితం మీదో ఫోన్‌లోనో రూపం తీసుకోగానే హక్కు పుట్టేస్తుంది. ఎవరికీ దరఖాస్తు పెట్టక్కర్లేదు. సి అనే అక్షరం చుట్టూ సున్నా చుట్టిన గుర్తు వేయకపోయినా హక్కు పోదు. అయినా వేయండి, పక్కన మీ పేరు, సంవత్సరం కూడా రాయండి. "ఎవరిదో తెలియదు అనుకున్నాం" అని తప్పించుకునే దారి మూసుకుపోతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, అది లేకున్నా కేసు వేయవచ్చని బాంబే హైకోర్టు 2021లో మరోసారి స్పష్టంగా చెప్పింది.

ఈ హక్కు మీరు బతికున్నంతకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్ళు ఉంటుంది. ఆ 60 ఏళ్ళను మరణించిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి లెక్కగడతారు. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి ఆయన రచనల మీద హక్కు 2043 చివరిదాకా వారసులదో, వాళ్ళు రాసిచ్చినవాళ్ళదో. గురజాడ 1915లోనే పోయారు, ఆయన రచనలను ఈరోజు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. మీ కథలు కూడా మీ పిల్లల చేతికి వెళ్ళే ఆస్తే. వీలునామా రాసే రోజు వస్తే ఇంటి గురించి, బంగారం గురించి రాసినట్టే వీటి గురించీ ఒక వాక్యం రాయాలి. మనవాళ్ళు ఎక్కువమంది ఇది రాయరు. తర్వాత ఒక పుస్తకం పునర్ముద్రించాలంటే ఎవరిని అడగాలో తెలియక ప్రచురణకర్తలు వెనక్కి తగ్గుతారు.

ఇక ఈ హక్కు దేనికి ఉండదో కూడా తెలియాలి, సగం తగాదాలు ఇక్కడే పుడతాయి. ఆలోచనకు కాపీరైట్ లేదు. 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చిన విషయం ఇది. ఆయన 'హమ్ హిందుస్తానీ' అనే నాటకం రాశారు. దాన్నే కాపీ కొట్టి 'న్యూ ఢిల్లీ' సినిమా తీశారని కేసు వేశారు. రెండింట్లోనూ వేర్వేరు రాష్ట్రాల కుటుంబాల మధ్య ప్రేమ, ప్రాంతీయ దురభిమానం ఉన్నాయి. ఇతివృత్తం కలిసినంత మాత్రాన కాపీ కాదని, దాన్ని నడిపిన తీరు, సన్నివేశాలు, పాత్రలు కలవాలని కోర్టు చెప్పింది. రెండూ చూసిన ప్రేక్షకుడికి "ఇది దాని కాపీయే" అని గట్టిగా అనిపించాలి. ఆయన ఆ కేసు గెలవలేదు. కాబట్టి "అత్తాకోడళ్ళు కలిసి హోటల్ పెట్టే కథ నాది" అంటే నిలవదు. ఆ అత్త ఎవరు, ఏ సందర్భంలో కోడలితో ఏమంది, కథ ఎక్కడ మలుపు తిరిగింది, ఇవన్నీ మీరు రాసి ఉంటే అదంతా మీదే. కథ పేరుకు కూడా కాపీరైట్ లేదు. సినిమా టైటిల్ విషయంలో 2015లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది.

దీన్నిబట్టి మీరు చేయాల్సింది ఒకటుంది. నోటితో కథ చెప్పి ఊరుకోకండి, రాసిందే చూపించండి. ఆ కుర్రాళ్ళను కలవడానికి ముందే కథను వాళ్ళ ఈమెయిల్‌కు పంపండి. కలిసి వచ్చాక అదే రోజు "ఈరోజు మీకు వినిపించిన కథ నిన్న పంపినదే, మన మధ్య ఒప్పందం కుదిరేదాకా దీన్ని మరెవరికీ చెప్పకండి, వాడకండి" అని రెండు ముక్కలు మెయిల్ చేయండి. మర్యాదగా రాస్తే ఎవరూ నొచ్చుకోరు. నమ్మి చెప్పిన విషయాన్ని వాడుకున్నారని కోర్టుకు వెళ్ళాల్సి వస్తే ఆ మెయిలే మొదటి కాగితం అవుతుంది.

సాక్ష్యం సంగతి వచ్చింది కాబట్టి: కథను కవర్లో పెట్టి పోస్టులో తమకు తామే పంపుకుని, చింపకుండా దాచుకుంటే చాలని కొందరు సలహా ఇస్తుంటారు. చట్టంలో దానికి ప్రత్యేకమైన విలువేమీ లేదు. అంతకంటే మీ చిత్తుప్రతులు మేలు. కొట్టివేతలతో ఉన్న నోట్‌బుక్కు పారేయకండి. టైపు చేసిన ఫైలును పాతదాని మీదే సేవ్ చేయకుండా తేదీ పెట్టి వేరువేరుగా దాచండి. కథ పూర్తవగానే మీ ఈమెయిల్‌కు మీరే పంపుకోండి. ఫైళ్ళను, ఈమెయిళ్ళను కోర్టులో పెట్టాల్సి వస్తే 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి, అది వకీలు చూసుకుంటారు. దొంగిలించినవాడి దగ్గర చివరి ప్రతి మాత్రమే ఉంటుంది. అది ఎలా తయారైందో చూపించే కాగితాలు రాసినవాళ్ళ దగ్గరే ఉంటాయి.

మరి రిజిస్ట్రేషన్ ఎందుకు? రిజిస్టర్లో ఉన్న వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. అంటే అది తప్పని నిరూపించే భారం అవతలివాళ్ళ మీద పడుతుంది. నోటీసు పంపినప్పుడు, యూట్యూబ్ లాంటివాళ్ళకు ఫిర్యాదు పెట్టినప్పుడు ఒక నంబరు చూపించగలగడం పెద్ద బలం. మీ దగ్గరున్న వాటిలో సినిమాగానో సిరీస్‌గానో పనికొస్తుందనిపించేవాటిని, పుస్తకంగా తేవాలనుకున్నవాటిని రిజిస్టర్ చేయించుకోండి. రాసిన ప్రతిదానికీ చేయించక్కర్లేదు.

చేసే పద్ధతి కష్టమేం కాదు. కాపీరైట్ కార్యాలయం ఢిల్లీలో ద్వారకలో ఉంది, మీరు అక్కడికి వెళ్ళక్కర్లేదు. కాపీరైట్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఖాతా తెరిచి ఫారం 14 నింపాలి. సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు. సౌండ్ రికార్డింగ్‌కు 2,000, సినిమాకు 5,000. ఇది తిరిగి రాదు. ఒక దరఖాస్తు ఒక రచనకే చెల్లుతుంది. అయితే కథలన్నిటినీ ఒక పేరుతో సంపుటిగా కూర్చితే ఆ సంపుటి ఒక రచన అవుతుంది, నోట్‌బుక్కులో ఉన్న కథలకు అలా చేయవచ్చు. ఇదే పనికి వేలకు వేలు అడిగే ఏజెంట్లు ఉన్నారు. బ్యాంకు ఫారం నింపగలిగినవాళ్ళు దీన్ని సొంతంగా నింపుకోగలరు, ఆ డబ్బు దండగ చేసుకోకండి.

ఫారంలో మనవాళ్ళు తడబడే గడులు రెండు మూడు ఉన్నాయి. దరఖాస్తుదారుకు రచనతో ఉన్న సంబంధం అడుగుతారు, అక్కడ "రచయిత, హక్కుదారు" అని రాయాలి. ప్రచురితమా అప్రచురితమా అన్న గడి దగ్గర చాలామంది యాప్‌లో పెట్టిన కథను అప్రచురితం అని రాసేస్తారు, అచ్చుకాలేదు కదా అని. అది తప్పు. చట్టం దృష్టిలో జనానికి అందుబాటులోకి తెచ్చిందంతా ప్రచురితమే. మొదట పెట్టిన సంవత్సరం, దేశం రాయండి. ప్రచురించింది వేరేవాళ్ళయితే వాళ్ళ నుంచి అభ్యంతరం లేదనే పత్రం అడుగుతారు. కలంపేరుతో రాస్తే అసలు పేరు కూడా ఇవ్వడం మేలు, లేకపోతే రేపు ఆ కలంపేరు మీదేనని వేరే నిరూపించుకోవాలి. రచన అసలుదా, అనువాదమా, అనుసరణా అని ఇంకో పత్రంలో అడుగుతారు. వేరే భాష కథను తెలుగులోకి తెచ్చి ఉంటే మూల రచయిత అనుమతి లేకుండా అది ముందుకు కదలదు.

ఫీజు కట్టగానే డైరీ నంబరు, అంటే మీ దరఖాస్తు నంబరు, వస్తుంది. అప్పటినుంచి 30 రోజులు ఎవరైనా అభ్యంతరం చెప్తారేమోనని ఆగుతారు. తర్వాత పరిశీలిస్తారు, ఏదైనా లోపం ఉంటే ఉత్తరం పంపిస్తారు. ఇక్కడే జాగ్రత్త. ఆ ఉత్తరం ఈమెయిల్‌లో ఏ మూలో పడి ఉంటుంది, గడువులోగా జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు మూసేస్తారు. అప్పుడప్పుడూ పోర్టల్‌లో డైరీ నంబరు కొట్టి చూసుకుంటూ ఉండండి. అన్నీ సరిగ్గా ఉంటే రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే రిజిస్టర్లో నమోదైన వివరాల ప్రతి, ఇస్తారు, సాహిత్య రచనలకు నంబరు ఎల్ అక్షరంతో మొదలవుతుంది. నెలల తరబడి పట్టవచ్చు, టెన్షన్ పడకండి. ఈలోగా మీ హక్కు ఎక్కడికీ పోదు.

ఐఎస్‌బీఎన్ వేరు, ఇది వేరు. అది పుస్తకాన్ని గుర్తించే నంబరు మాత్రమే, మన దేశంలో ఉచితంగా ఇస్తారు. దానితో హక్కు రాదు. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం, ముంబైలో స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ లాంటి చోట్ల స్క్రిప్టు నమోదు చేయించుకోవడం కూడా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కాదు. కానీ ఫలానా తేదీకి ఈ స్క్రిప్టు మీ దగ్గర ఉందనడానికి అదొక మంచి సాక్ష్యం. పైగా సినిమా తగాదాలు చాలావరకు కోర్టుదాకా పోకుండా సంఘాల్లోనే తేలుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఆ షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్ళ దగ్గరికి. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. కానీ ఇలాంటి కుర్రాళ్ళు తెచ్చే కాగితం తరచుగా ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా. అందులో ఒక వాక్యం ఉంటుంది: "పై కథకు సంబంధించిన సమస్త హక్కులను అన్ని భాషలలో, అన్ని మాధ్యమాలలో, ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా నిర్మాతకు బదిలీ చేస్తున్నాను." వాళ్ళకు కావాల్సింది ఇరవై నిమిషాల సినిమా. ఆ వాక్యంతో మీరు ఇచ్చేది పెద్ద సినిమా, వెబ్ సిరీస్, అనువాదం, ఆడియో బుక్, ఆఖరికి మీ సంపుటిలో ఆ కథను మీరే వేసుకునే హక్కు కూడా. గది అద్దెకు అడిగినవాళ్ళకు ఇల్లు రిజిస్ట్రీ చేసిచ్చినట్టు.

కాబట్టి బదిలీ అనే మాటే వద్దనండి, లైసెన్స్, అంటే హక్కు మీ దగ్గరే ఉంచుకుని వాడుకోవడానికి అనుమతి, ఇస్తాననండి. రాతపూర్వకంగా ఇవ్వండి. అందులో ఇవి ఉండాలి: కథ పేరు, ఏ తేదీ ప్రతి, తెలుగులో ఫలానా నిడివికి మించని ఒక్క షార్ట్ ఫిల్మ్‌కు మాత్రమే అనుమతి, ఏ ఛానెల్‌లో లేదా ఏ ప్లాట్‌ఫామ్‌లో, ఎన్నేళ్ళు, ఎంత డబ్బు, ఎప్పటిలోగా. డబ్బు లేకపోతే "ప్రతిఫలం లేకుండా" అనే రాయండి, ఖాళీ వదలకండి. ఏడాదిలోగా షూటింగ్ పూర్తి చేయకపోతే అనుమతి రద్దని ఒక వాక్యం. టైటిల్స్‌లో మీ పేరు ఎలా పడాలో అక్షరం అక్షరం రాయండి: "కథ:" తర్వాత మీ పేరు, విడిగా ఒక కార్డు మీద, వీడియో కింద వివరణలో కూడా. "మూలకథ", "కథాసహకారం" లాంటివి ఒప్పుకోవద్దు. సహకారం అంటే కథ ఇంకెవరిదో అన్న అర్థం వస్తుంది. చివర "ఇక్కడ ఇవ్వని హక్కులన్నీ రచయిత్రివే" అని ఒక వాక్యం. మనకు స్టాంపు పేపరు మీద రాసుకోవడం అలవాటు, అలాగే రాసుకోండి. వకీలుకు ఒకసారి చూపించడానికి అయ్యే ఖర్చుకు మాత్రం వెనకాడకండి.

పొరపాటున ఇప్పటికే ఎక్కడైనా బదిలీ పత్రం మీద సంతకం పెట్టి ఉంటే బెంగపడకండి, ముందు ఆ కాగితం తీసి చదవండి. చట్టం రచయిత పక్షాన కొన్ని రక్షణలు పెట్టింది. బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి, నోటిమాట చెల్లదు. ఎన్నేళ్ళో రాయకపోతే 5 ఏళ్ళు అని, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం చేసుకోవాలి. తీసుకున్నవాళ్ళు ఏడాదిలోగా ఆ హక్కును వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేకుంటే, అది మీకు తిరిగి వచ్చేస్తుంది. 2012 సవరణ తర్వాత, ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమం గురించి ప్రత్యేకంగా రాస్తే తప్ప అది బదిలీలోకి రాదు. అన్నిటికంటే విలువైనది సెక్షన్ 57. హక్కులన్నీ అమ్మేసినా సరే, అది మీ రచన అని చెప్పుకునే హక్కు, మీ పరువుకు భంగం కలిగేలా మార్చితే అడ్డుకునే హక్కు మీతోనే ఉంటాయి.

పాటలు రాసేవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్ళకొక మాట. అదే 2012 సవరణ ప్రకారం సినిమాకు రాసిన పాట థియేటర్లో సినిమాతోపాటు వినిపించడం కాక మరెక్కడ వాడినా, రచయితకు, సంగీత దర్శకుడికి ఆ హక్కులు రాయించుకున్నవాళ్ళతో సమానంగా రాయల్టీలో వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నానని సంతకం పెట్టినా చెల్లదు, వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇవ్వడానికి లేదు. పాటల రచయితల, సంగీత దర్శకుల కాపీరైట్ సొసైటీ అయిన ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకుంటే ఆ డబ్బు వసూలు చేసిపెడతారు. జానపదాల విషయం వేరు. తరతరాలుగా వస్తున్న బతుకమ్మ పాట ఎవరి సొత్తూ కాదు. దానికి మీరు కొత్తగా కట్టిన చరణాలు, మీరు చేసిన రికార్డింగ్ మాత్రం మీవే. మూలం అందరిదీ అన్న సాకుతో వాటిని ఎత్తుకెళ్తే ఊరుకోనక్కర్లేదు.

యాప్‌లూ పోటీలూ కూడా సంతకం కిందకే వస్తాయి. "అంగీకరిస్తున్నాను" అని నొక్కడం కూడా సంతకం లాంటిదే. పోటీ నిబంధనల్లో "ఎంపికైన కథలపై సర్వహక్కులు నిర్వాహకులవే" అన్న వాక్యం కనిపిస్తే బహుమతి మొత్తం ఎంతో చూసుకుని ఆలోచించండి. నా మటుకు నేను మొదటిసారి ప్రచురించుకునే హక్కుకు మించి ఇవ్వొద్దంటాను. బయటి రచయితగా పత్రికకు పంపిన కథ మీద మొదటి హక్కుదారు మీరే, వేరే ఒప్పందం లేకపోతే. ఉద్యోగిగా జీతానికి రాసింది మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, సాధారణంగా సంస్థదే అవుతుంది. సీరియల్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు తమ సొంత కథల్ని ఆఫీసు కంప్యూటర్లో, ఆఫీసు వేళల్లో రాయకుండా ఉంటే తర్వాత తగాదా ఉండదు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు మీ కథ వాడుకుంటే ఏమిటని కూడా అడగొచ్చు. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలో, మళ్ళీ దరఖాస్తు లేకుండానే, మీ హక్కుకు రక్షణ ఉంటుంది. అమెరికాలో ఉండి అక్కడే మొదట ప్రచురించే తెలుగు రచయితలు మాత్రం అక్కడి కాపీరైట్ ఆఫీసులో నమోదు చేయించుకోవాలి, లేకపోతే అక్కడ దావా వేయడానికి కుదరదు.

చివరికి ఆ యూట్యూబ్ ఛానెల్. వాళ్ళకు కోపంగా కామెంట్ పెట్టకండి. పెడితే వీడియో ప్రైవేట్‌లో పెట్టేస్తారు, సాక్ష్యం పోతుంది. ముందు వీడియో లింకు, ఛానెల్ పేరు, పెట్టిన తేదీ, ఎంతమంది చూశారో కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వీడియోను స్క్రీన్ రికార్డ్ చేయండి. యాప్‌లో మీ కథ పేజీ, దాని తేదీ కూడా అలాగే తీసి పెట్టుకోండి. కథలో మీ మాటలు యథాతథంగా వచ్చిన చోట్లు నిమిషాలతో సహా రాసుకోండి. తర్వాత యూట్యూబ్‌లోనే ఉన్న కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపండి. వెంటనే తీయించమనవచ్చు, లేదా 7 రోజులు గడువిచ్చి వాళ్ళంతట వాళ్ళే తీసేలా చేయవచ్చు. తెలియక చేశారనిపిస్తే గడువివ్వడం బాగుంటుంది, ఫిర్యాదుతో ఛానెల్ మీద పడే స్ట్రైక్ అనే హెచ్చరిక వాళ్ళకు తప్పుతుంది. ఫారంలో మీ అసలు పేరు ఇవ్వాలి, అది, మీ ఈమెయిల్ ఆ ఛానెల్ వాళ్ళకు తెలుస్తాయి. అందుకని రోజూ వాడే ఈమెయిల్ కాకుండా ఈ పనికి వేరేది తెరవండి. కలంపేరుతో రాసే ఆడవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. వీడియో తీసేయడం తప్పని ఛానెల్ వాళ్ళు ఎదురు నోటీసు ఇస్తే 10 పనిదినాల్లో మీరు కోర్టుకు వెళ్ళినట్టు చూపించాలి, లేకపోతే వీడియో తిరిగి వస్తుంది. యూట్యూబ్ కాని వెబ్‌సైట్ అయితే మన 2013 కాపీరైట్ నియమాల కింద దాన్ని నడిపేవాళ్ళకు నోటీసు ఇవ్వవచ్చు. 36 గంటల్లో వాళ్ళు దాన్ని అందుబాటులో లేకుండా చేయాలి, 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేవాలి.

తెలిసి చేసిన కాపీకి 6 నెలల నుంచి 3 ఏళ్ళదాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరమే ఇదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. కానీ ఒక వీడియో కోసం మొదటే స్టేషన్ మెట్లు ఎక్కమని నేను చెప్పను, వకీలు నోటీసుతోనే చాలా ఛానెళ్ళు దిగొస్తాయి. సివిల్ దావాకు 3 ఏళ్ళ గడువు ఉంటుంది. ఆ ఛానెల్ వాళ్ళు విజయవాడలో ఉన్నా, చెన్నైలో ఉన్నా, దావా కోసం మీరు అక్కడికి తిరగక్కర్లేదు. రచయిత తాను ఉండే ఊరి జిల్లా కోర్టులోనే దావా వేసుకోవచ్చని సెక్షన్ 62 చెప్తుంది, కాబట్టి కరీంనగర్‌లోనే వకీలును చూసుకోండి. స్క్రీన్‌షాట్లు మాత్రం ఈ రాత్రికే తీసేయండి.